అభిమానికీ చెవులుంటాయి
సినిమా విడుదల రోజు డీజే. పెళ్లి మెరవణిలో డీజే. మరమగ్గం పక్కన ఫోన్ పాట. రైల్లో గంటల తరబడి ఇయర్‌ఫోన్లు. పాట మీద ప్రేమ మంచిదే. కానీ ఆ ప్రేమ నిండు నూరేళ్లూ నిలవాలంటే ముందు చెవి నిలవాలి. ఎంత మోతను ఎంతసేపు తట్టుకోగలమో, ఎక్కడ ఆగాలో ఇంటిల్లిపాదీ తెలుసుకోవటం మంచిది.

కొత్త సినిమా విడుదలైంది. మీ అబ్బాయి తెల్లవారుజామునే లేచి, స్నేహితులతో కలిసి థియేటర్‌కు వెళ్లాడు. బయట కటౌట్ ముందు డీజే. లోపల ఈలలు, కేకలు, గుండె అదిరే నేపథ్య సంగీతం. మధ్యాహ్నం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ‘ఇంకాస్త పప్పు వెయ్యనా?’ అని మీరు అడిగితే ‘ఆఁ?’ అన్నాడు. రెండోసారి గట్టిగా అడిగితే గానీ జవాబు రాలేదు. ‘చెవుల్లో గుయ్‌మంటోంది మా, పొద్దున్నుంచీ డీజే పక్కనే ఉన్నాం కదా’ అని నవ్వేశాడు. మీరూ నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు లేచేసరికి ఆ మోత తగ్గిపోయింది. ఇంట్లో అందరూ దాన్ని మరచిపోయారు. చెవి మాత్రం మరచిపోదు. అది ప్రతి మోతనూ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

చెవి లోపల ఏం జరుగుతుంది?

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న ఒక చిన్న భాగం ఉంటుంది. దీన్ని కాక్లియా అంటారు. ఇందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల సూక్ష్మమైన రోమ కణాలుంటాయి. శబ్ద తరంగాలు లోపలికి రాగానే వీటి కొసలు గాలికి వరిపైరు ఊగినట్టు ఊగుతాయి. ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారి, నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడే మనకు పాట వినిపిస్తుంది.

పైరు మీద ఓ మాదిరి గాలి వీస్తే వంగి, మళ్లీ లేస్తుంది. పెద్ద మోత తర్వాత చెవులు దిబ్బడ వేసినట్టు, గుయ్‌మంటున్నట్టు ఉండి, కొన్ని గంటల్లో సర్దుకోవటం అలాంటిదే. కానీ గాలివాన మళ్లీ మళ్లీ వస్తే పైరు పడిపోతుంది. రోమ కణాలూ అంతే. తేడా ఏమిటంటే, చేలో మళ్లీ నాటుకోవచ్చు. మనిషి చెవిలో ఒకసారి చనిపోయిన రోమ కణం తిరిగి పుట్టదు. వాటిని మొలిపించే మందు ఇప్పటివరకు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఒక విషయం బయటపడింది. పెద్ద మోత తర్వాత వినికిడి పరీక్షలో ఫలితం మళ్లీ మామూలుగానే వచ్చినా, రోమ కణాలను నాడికి కలిపే అతుకులు చాలావరకు దెబ్బతిన్నట్టు తేలింది. అంటే ‘తెల్లారేసరికి తగ్గిపోయింది’ అన్నంత మాత్రాన లోపల ఏమీ జరగలేదని ధీమాగా ఉండటానికి లేదు.

ముందు పోయేది పాటలోని మెరుపే

మోత వల్ల వచ్చే వినికిడి లోపం ఒక్కసారిగా చెవుడు తెచ్చిపెట్టదు. అందుకే చాలామంది దీన్ని గుర్తించరు. ఇది మొట్టమొదట హెచ్చు స్థాయి ధ్వనుల దగ్గర, ముఖ్యంగా 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. పాటలో తాళాల గలగల, గజ్జెల సవ్వడి, వేణువు పైస్థాయి, గాయని గొంతులోని సన్నని గమకం కాస్త మసకబారతాయి. డప్పు, బేస్ దరువు మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తాయి. దాంతో చెవి బాగానే ఉందనుకుంటారు. ‘ఈ ఫోన్‌లో సౌండ్ సరిగా లేదు’ అంటూ వాల్యూమ్ ఇంకో రెండు గీతలు పెంచుతారు. అది సమస్యను మరింత పెంచుతుంది.

తర్వాత మాటలు తేడా వస్తాయి. స, ష, ప, త, క వంటి అక్షరాల ధ్వని పైస్థాయిలో ఉంటుంది. అందువల్ల ఎదుటివారు ‘పాలు’ అంటే ‘కాలు’ అనిపిస్తుంది. ‘కప్పు’ అంటే ‘తప్పు’ అనిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఫర్వాలేదు గానీ పెళ్లి భోజనాల దగ్గరో, బస్టాండులోనో మాట అర్థం కాదు. ‘వినిపిస్తోంది, కానీ అర్థం కావటం లేదు’ అన్నది ఇలాంటివారు తరచూ చెప్పే మాట. ఒకప్పుడు అరవై దాటిన అవ్వ నోట వినే ఈ మాట, మోత వల్ల ముప్పయ్యేళ్ల మనవడి నోటా రావచ్చు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం- 12-35 ఏళ్ల వయసువారిలో 100 కోట్ల మందికి పైగా సురక్షితం కాని రీతిలో సంగీతం వినటం వల్ల వినికిడిని శాశ్వతంగా కోల్పోయే ముప్పులో ఉన్నారు. ఇందులో మన పిల్లలు లేరని అనుకోవటానికి కారణమేమీ లేదు.

హిందూపురంలో అభిమానం మూడు తరాలది

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం.. బెంగళూరు వెళ్లే రైలు దారిలో వరుసగా వచ్చే ఊళ్లు. మూడూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి. ఈ మూడింటిలో సినిమా అభిమానం అనగానే ముందుగా గుర్తొచ్చేది హిందూపురం. ఎన్‌టీ రామారావు 1985, 1989, 1994 ఎన్నికల్లో ఇక్కడి నుంచే శాసనసభకు గెలిచారు. ఆయన కుమారుడు బాలకృష్ణ 2014 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే. తాత రామారావు అభిమాని, తండ్రి బాలకృష్ణ అభిమాని, మనవడు తమన్ నేపథ్య సంగీతానికి ఊగిపోయే అభిమాని.. ఇలాంటి కుటుంబాలు ఇక్కడ అరుదేమీ కాదు. కర్ణాటక సరిహద్దు కావటంతో కన్నడ పాటలకూ, అక్కడి తారలకూ అభిమానులున్నారు.

తాత కాలంలో పాట మైకు సెట్టులో వినిపించేది. వేపచెట్టుకో, మిద్దె మీదో కట్టిన ఒక గరాటు స్పీకర్ అది. గట్టిగానే మోగేది గానీ ఎత్తులో, దూరంగా ఉండేది. తండ్రి కాలానికి టేప్ రికార్డర్ వచ్చింది. ఇప్పుడు వాహనం మీద వరుసగా పేర్చిన డీజే బాక్సులు వచ్చాయి. బాక్సులకు నాలుగడుగుల దూరంలోనే కుర్రాళ్లు ఎగురుతుంటారు. బేస్ దరువు చెవికే కాదు, రొమ్ముకూ తగులుతుంది. అభిమానం మూడు తరాలుగా అదే. చెవి దగ్గరకు చేరే మోత మాత్రం అది కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అభిమానం జబ్బు కాదు. పదిమందితో కలిసి పాడటం, ఆడటం, ఒక పాట వినగానే ఒకేలా కేక వేయటం మనసుకు మేలు చేసేవే. ఒంటరితనాన్ని తగ్గిస్తాయి. స్నేహాలు పెంచుతాయి. సినిమా విడుదల పేరుతో రక్తదానం, అన్నదానం చేసే అభిమానులూ ఉన్నారు. కాబట్టి ‘ఆ పిచ్చి మానెయ్’ అని పిల్లల్ని గదమాయిస్తే ప్రయోజనం లేదు. ‘బాక్సుకు దూరంగా ఉండు, మధ్యలో ఓసారి పక్కకు వచ్చి నిలబడు’ అని చెబితే వింటారు.

మూడు పెరిగితే సమయం సగం

మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇది మామూలు లెక్కలాంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అందువల్ల చెవి తట్టుకునే సమయం సగానికి పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినొచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్స్ స్థాయిలో 40 గంటలు. ఈ లెక్కను పెంచుకుంటూ వెళ్తే పెద్దవాళ్ల చెవికి వారం మొత్తానికి మిగిలే సమయం ఇదీ:

• 80 డెసిబెల్స్: 40 గంటలు
• 83 డెసిబెల్స్: 20 గంటలు
• 86 డెసిబెల్స్: 10 గంటలు
• 90 డెసిబెల్స్: సుమారు 4 గంటలు
• 95 డెసిబెల్స్: గంటా పావు
• 100 డెసిబెల్స్: సుమారు 20 నిమిషాలు
• 105 డెసిబెల్స్: ఏడెనిమిది నిమిషాలు

ఇది రోజుకు కాదు, వారానికి అన్నది గుర్తుంచుకోవాలి. డీజే బాక్సుల దగ్గర మోత 100 డెసిబెల్స్ దాటటం మామూలే. అంటే రెండు గంటల మెరవణిలో బాక్సు పక్కనే నడిచినవారి చెవి ఆ వారం కోటాను మొదటి అరగంటలోపే వాడేసుకున్నట్టు. మిగతా గంటన్నరా అప్పే. ఇక టపాకాయల మోత వేరే. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించకూడదన్నది మన దేశంలోని నిబంధన. చెవి పక్కనే పేలే బాంబు ఒక్కటి చాలు, కర్ణభేరికో లోపలి చెవికో దెబ్బ తగలటానికి.

మీటర్ లేకపోతే ఎలా తెలుస్తుంది? చాలా తేలిక. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తోందంటే అక్కడి మోత 85 డెసిబెల్స్ దగ్గరకు వచ్చినట్టే. చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వస్తోందంటే ఇక అక్కడ ఎక్కువసేపు ఉండకూడదు.

ధర్మవరంలో మోత మీద మోత

ధర్మవరం పేరు చెబితే పట్టుచీర గుర్తొస్తుంది. మగ్గం ముందు కూర్చున్న మనిషికి పాట తోడు. ఒకప్పుడు నేతగాళ్లకు రేడియో ఎలాగో ఇప్పుడు ఫోన్ అలాగ. చేనేత మగ్గం చప్పుడు ఓ మోస్తరుగానే ఉంటుంది. మరమగ్గాలు అలా కావు. నాలుగైదు మగ్గాలు ఒకే షెడ్డులో ఆడుతుంటే మోత తరచూ 90 డెసిబెల్స్ దాటుతుంది. రేకుల కప్పు, సిమెంటు గోడలు దాన్ని తిప్పికొట్టి మరింత పెంచుతాయి. ఇంటి ముందు గదిలోనే మరమగ్గం ఉంటే పడుకునే పసిపిల్లలు, చదువుకునే పిల్లలు కూడా ఆ మోతలోనే ఉంటారు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ షెడ్డులో పనిచేసే కుర్రాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మగ్గం మోత 90 ఉంటే, పాట వినపడాలంటే దాన్ని మించి పెంచాలి. అప్పుడు చెవిలో పాటే 95, 100 డెసిబెల్స్‌తో మోగుతుంది. చాలా ఫోన్లలో పూర్తి వాల్యూమ్ పెడితే ఇయర్‌ఫోన్ల ధ్వని 100 డెసిబెల్స్ దాటగలదు. మోత వినకుండా ఉండటానికి పాట పెట్టుకున్నానని ఆ కుర్రాడు అనుకుంటాడు. నిజానికి చెవి మీద రెండు బరువులూ పడుతున్నాయి. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు.

దీనికి పరిష్కారం ఉంది. షెడ్డులో చెవికి రక్షణ ముందు, పాట తర్వాత. మెడికల్ షాపుల్లో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు ఖరీదైనవి కావు. వేళ్లతో నలిపి సన్నగా చేసి, చెవి పైభాగాన్ని కాస్త పైకి లాగి లోపలికి పెట్టుకోవాలి. కాసేపు వేలితో పట్టి ఉంచితే ఉబ్బి కుదురుకుంటాయి. సరిగా పెట్టుకుంటే మోత 15-20 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. పైన చెప్పుకున్న లెక్కలో అది చాలా పెద్ద తేడా. దూది ఉండలు పెట్టుకుంటే ఈ ఫలితం రాదు. పాట కావాలంటే మగ్గం ఆపిన విరామంలో, మామూలు వాల్యూమ్‌లో వినటం మేలు. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించుకోవాలి.

పెనుకొండ దారిలో.. చెవిలోనే కచేరీ

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. అప్పట్నుంచి ఈ దారిలో షిఫ్టు డ్యూటీలకు తిరిగేవారు పెరిగారు. చదువుకో, ఉద్యోగానికో హిందూపురం నుంచి బెంగళూరు వైపు వెళ్లేవారూ ఎక్కువే. ప్రయాణంలో పాటే కాలక్షేపం. రైలు పెట్టెలో, బస్సులో ఇంజిన్ మోత, జనం మాటలు ఉంటాయి కాబట్టి ఇంట్లో సగం వాల్యూమ్‌లో వినేవారు ఇక్కడ ముప్పావు వంతుకు పెంచుతారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చేవారు పాట వింటూనే నిద్రపోతారు. పాట ఆగదు. చెవికి విశ్రాంతి దొరకదు.

ప్రయాణంలో ఈ చిన్న జాగ్రత్తలు పాటించండి:

• ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో హాయిగా వినిపించే వాల్యూమ్ ఎంతో చూసుకోండి. సాధారణంగా అది పూర్తి వాల్యూమ్‌లో 60 శాతం లోపే ఉంటుంది. బయటా దాన్ని దాటకండి.
• బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఉంటే వాల్యూమ్ పెంచాల్సిన పని తగ్గుతుంది. అయితే రోడ్డు దాటేటప్పుడు, పట్టాల దగ్గర నడిచేటప్పుడు వాటిని పెట్టుకోకండి.
• గంటకోసారి పది నిమిషాలు చెవులు ఖాళీగా ఉంచండి.
• ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్‌కు గరిష్ఠ పరిమితి పెట్టుకోండి. పిల్లల ఫోన్‌లో ఇది మీరే పెట్టండి.
• పక్కన కూర్చున్నవారికి మీ ఇయర్‌ఫోన్ల పాట వినిపిస్తోందంటే వాల్యూమ్ ఎక్కువైందని అర్థం.

పాత వాద్యాలు మాత్రం మోగలేదా?

‘మా కాలంలో ఉరుములు, పలకలు మోగలేదా? మాకేమైంది?’ అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన సీమ సంగీతంలో మోతకు కొదవ లేదు. ఉరుములు అనంతపురం ప్రాంతానికి పేరు తెచ్చిన జానపద కళ. మేఘం ఉరిమినట్టు మోగుతుంది కాబట్టే ఆ వాద్యానికి ఆ పేరు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయంలో నాట్య మండపం స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడు వీణ మీటుతుంటాడు. ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పెట్టింది పేరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటకు మద్దెల, తాళాలు, గొంతు లేకపోతే ప్రాణం లేదు.

తేడా ఎక్కడుందంటే ఆ వాద్యాలు మనిషి చేతి సత్తువతో మోగుతాయి. వాయించేవారు అలసిపోతారు, ఆగుతారు. పాటకూ పాటకూ మధ్య మాట ఉంటుంది, కథ ఉంటుంది. ఆ విరామమే చెవికి ఊపిరి. పైగా అవి పండక్కో జాతరకో మోగేవి. డీజే బాక్సు అలసిపోదు. ఇయర్‌ఫోన్ అసలే అలసిపోదు. అలాగని పాత వాద్యాలు పూర్తిగా సురక్షితమనీ కాదు. రోజూ సాధన చేసే ఉరుముల కళాకారులు, పలకలు కొట్టేవారు, బ్యాండు మేళంవారు, డీజే నడిపే కుర్రాళ్లు.. మిగతావారికంటే వీరి చెవులకే ముప్పు ఎక్కువ. మనం ఓ పూట వింటాం. వాళ్లు పెళ్లిళ్ల సీజనంతా వింటారు. మీ ఇంటి శుభకార్యానికి వచ్చే మేళంవారికి ఇయర్‌ప్లగ్‌ల గురించి ఒక మాట చెప్పండి. అదీ సంభావనే.

పాటగాళ్లే చెప్పారు

ఈ మాట వైద్యులు చెబితే చాదస్తం అనిపించొచ్చు. పాటతోనే బతికినవారు కూడా ఇదే చెప్పారు. ప్రముఖ హిందీ గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తన వినికిడి దెబ్బతిన్న సంగతిని బయటపెట్టారు. విమానం దిగి నడుస్తుండగా ఏమీ వినిపించటం లేదని గుర్తించారు. వైరస్ దాడి వల్ల నాడీ సంబంధ వినికిడి లోపం వచ్చిందని వైద్యులు తేల్చారు. ఆమె సమస్యకు కారణం మోత కాదు. అయినా అదే సందర్భంలో అభిమానులకూ, యువ కళాకారులకూ ఆమె చేసిన హెచ్చరిక- పెద్ద సంగీతంతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్త అని. బ్రిటన్‌లోని ‘ద హూ’ రాక్ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ చాలా ఏళ్లుగా వినికిడి లోపంతో బాధపడుతున్నారు. స్టూడియోలో వాడిన హెడ్‌ఫోన్లే తన చెవులను ఎక్కువగా దెబ్బతీశాయని 2006లో ఆయన కుర్రకారును హెచ్చరించారు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచి అమల్లో ఉన్నాయి. వీటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలు, సాంస్కృతిక వేడుకల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వొచ్చు. ఇళ్లుండే ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించారు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో వేడుకలు, కచేరీల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. సగటు మోత 100 డెసిబెల్స్ దాటకూడదు. ఎంత మోగుతోందో కొలుస్తూ ఉండాలి. వచ్చినవారికి ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలి. కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఉండాలి. ఇవేవీ వేడుకను ఆపేవి కావు. మన అభిమాన సంఘాలు మజ్జిగ, మంచినీళ్లు పంచినట్టే ఇయర్‌ప్లగ్‌లూ పంచితే ఖర్చు పెద్దగా కాదు.

వేడుక మీ ఇంట్లో ఉంటే

పెళ్లి, పుట్టినరోజు, గృహప్రవేశం.. డీజే మాట్లాడేది ఇంటి పెద్దలే. డబ్బులిచ్చేదీ మీరే. కాబట్టి మాట చెల్లుతుంది. బయానా ఇచ్చేటప్పుడే ఈ సంగతులు తేల్చుకోండి.

• బాక్సులు భోజనాల దగ్గర, ముసలివాళ్లు కూర్చునే చోట పెట్టొద్దని చెప్పండి. బాక్సుల ముందు కొంత ఖాళీ ఉండేలా తాడు కట్టించండి.
• ఇరుకు వీధిలో గోడలు మోతను తిప్పికొడతాయి. అక్కడ వాల్యూమ్ తగ్గించాలని ముందే మాట్లాడుకోండి. దారిలో ఆసుపత్రి వస్తే పూర్తిగా ఆపించండి.
• అరగంటకోసారి పది నిమిషాలు ఆపించండి. నాదస్వరమో, ఇంట్లో పాడేవారి పాటో ఆ సమయానికి పెట్టుకోవచ్చు.
• పసిపిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని బాక్సు దగ్గరకు వెళ్లకండి. వాళ్ల చెవి గొట్టం చిన్నది. అదే మోత వాళ్లకు మరింత తీవ్రంగా తగులుతుంది. ‘చెవి నొప్పి’ అని చెప్పే వయసు కూడా కాదు. ఏడుపే వాళ్ల మాట. పిల్లలకు చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు వాడొచ్చు.
• గర్భిణులు దూరంగా ఉండాలి. ఇయర్‌ప్లగ్‌లు తల్లి చెవిని కాపాడతాయి గానీ కడుపులోని బిడ్డను కాదు. బేస్ దరువు పొట్ట గోడను దాటి లోపలికి వెళ్తుంది.
• రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారిని మోతకు దూరంగా ఉంచండి. పెద్ద శబ్దం గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. రాత్రి మోత నిద్రను చెడగొడుతుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి?

మోత తర్వాత గుయ్‌మనటం, చెవి దిబ్బడ ఒక రోజు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. మాటలు సరిగా అర్థం కాకపోవటం, టీవీ సౌండ్ రోజురోజుకూ పెంచాల్సి రావటం, గుంపులో ఉన్నప్పుడు ఎదుటివారి పెదాలు చూస్తే గానీ తెలియకపోవటం, ఎప్పుడూ ఏదో కీచుమనటం.. వీటిలో ఏది ఉన్నా ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. ఇది నొప్పి లేని పరీక్ష. హెడ్‌ఫోన్లు పెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు. వినిపించినప్పుడు బటన్ నొక్కితే చాలు. అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది.

ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. దీన్ని అత్యవసరంగానే చూడాలి. జలుబనో, గులిమి అనో అనుకుని వారం రోజులు ఆగితే చికిత్స ఫలించే అవకాశం తగ్గిపోతుంది. వీలైతే ఆ రోజే, లేదంటే మర్నాడే డాక్టర్‌ను కలవాలి. స్టిరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. చెవిలో వేడి నూనె, పసరు పోయటం, అగ్గిపుల్లలతో, పిన్నులతో తిప్పటం కొత్త సమస్యలు తెస్తాయి తప్ప వినికిడిని తెచ్చివ్వవు.

వినికిడి యంత్రాలు మంచి సాయమే. అవసరమైనవారు మొహమాటపడకుండా పెట్టుకోవాలి. అయితే అవి ప్రధానంగా మాట వినిపించటానికి తయారుచేసినవి. ఒకప్పుడు విన్న పాటను అదే తీపితో తిరిగి వినిపించటం వాటికి కష్టం.

రీ-రిలీజ్ రోజుకు..

బాలకృష్ణ నటించిన ‘చెన్నకేశవరెడ్డి’ 2002 సెప్టెంబరులో విడుదలైంది. ఇరవయ్యేళ్ల తర్వాత, 2022 సెప్టెంబరులో 4కే హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇలా పాత సినిమాలు మళ్లీ తెర మీదకు రావటం ఇప్పుడు అభిమానులకు పెద్ద పండగ. అప్పుడు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లుగా మొదటి ఆట చూసినవారు నలభై దాటాక, తమ పిల్లల్ని వెంటబెట్టుకుని అదే పాటకు మళ్లీ ఈల వేయొచ్చు.

ఈ రోజు మీ అబ్బాయి ఎగబడి చూసిన సినిమా కూడా ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ రావచ్చు. బొమ్మను శుభ్రం చేస్తారు, పాటకు కొత్త మెరుగులు దిద్దుతారు. చెవికి మాత్రం అలాంటి మెరుగులు దిద్దే స్టూడియో ఎక్కడా లేదు. అందుకే తదుపరి సినిమాకు వెళ్లేటప్పుడు ‘వద్దు’ అని వాడిని ఆపకండి. టికెట్ డబ్బులతో పాటు ఇయర్‌ప్లగ్‌ల జత కూడా చేతిలో పెట్టండి. ‘బాక్సుకు దూరంగా నిలబడు నాయనా, ఈ పాట నువ్వు నీ కొడుకుతో కలిసి కూడా వినాలి’ అని చెప్పి పంపండి.